ఆయిల్ పెయింటింగ్‌లో బ్రష్ గీతలు కనపడకుండా వేయాలంటే: బ్రష్‌కీ మీడియంకీ జత కుదిర్చే పద్ధతి

బుగ్గ మీదో పండు మీదో వెలుగు మెల్లగా నీడలోకి జారిపోయినట్టు, ఒక్క బ్రష్ గీత కూడా కనపడకుండా వేయడం ఎలా అని అడిగేవాళ్ళలో సగం మంది ఆపాటికే ఒక ఖరీదైన మెత్తటి బ్రష్ కొనేసి ఉంటారు. ట్యూబులోంచి పిండిన రంగుని దానితో నేరుగా తీసి రాస్తారు. ఆ మెత్తటి వెంట్రుకలు అంత చిక్కటి రంగుని మోయలేవు కదా, పక్కకి వాలిపోతాయి, పాయలుగా విడిపోతాయి, చారలు మిగులుతాయి. అప్పుడు రంగులో నూనె పోస్తారు. నూనె ఎక్కువై రంగు కిందికి కారుతుంది, వారం గడిచినా ఆరదు. ఇక బ్రష్ బాగోలేదని ఇంకో బ్రష్ కొంటారు.

బ్రష్‌ని విడిగా, మీడియంని (రంగు జారేలా అందులో కలిపే నూనె, టర్పెంటైన్ లాంటివి) విడిగా ఎంచుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. చిక్కటి రంగుకి గట్టి వెంట్రుక కావాలి, పలచటి రంగుకి మెత్తటి వెంట్రుక కావాలి. ఏ దశలో రంగు ఎంత పలచగా ఉందో దాన్నిబట్టి బ్రష్ మారుతుంది. కింద రాసిందంతా ఈ జత కుదర్చడం గురించే. కానీ దానికంటే ముందు బోర్డు సంగతి చూడాలి, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే ఏ జతా కాపాడలేదు.

## 1. ముందు బోర్డు నునుపు చేయండి

బజారులో దొరికే మామూలు కాటన్ కాన్వాస్ మీద నేత గుంటలు గుంటలుగా ఉంటుంది. పలచగా రంగు వేస్తే ఆ నేత పైకి కనపడుతుంది, మందంగా వేస్తే బ్రష్ గీత కనపడుతుంది. రెండు విధాలా నష్టమే. నునుపు పనికి ఎం.డి.ఎఫ్. బోర్డు గానీ హార్డ్ బోర్డు నున్నటి వైపు గానీ తీసుకోండి. కాన్వాసే కావాలనుకుంటే పోర్ట్రెయిట్‌లకి వాడే సన్న నేత రకం అడగండి.

చేసే వరుస ఇది:

- బోర్డుని 220 నంబరు సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడవండి. అంచులకీ వెనక వైపుకీ కూడా ఒక పూత గెస్సో (రంగుకి ముందు బోర్డుకి పూసే తెల్లటి అడుగు పూత) వేయండి, లేకపోతే వానాకాలంలో బోర్డు తేమ పీల్చి వంగుతుంది.
- గెస్సోలో కొద్దిగా నీళ్ళు కలిపి పాల మీగడలా చేసి, వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో మొదటి పూత అడ్డంగా వేయండి. ఆరాక రెండోది నిలువుగా, మూడోది మళ్ళీ అడ్డంగా. నాలుగు పూతలైతే ఇంకా మంచిది.
- ఒక్కో పూత బాగా ఆరాక 320 నంబరుతో రుద్దండి. చివరి పూతకి 400 నంబరు వాటర్ పేపర్‌ని తడిపి గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. పొడిగా రుద్దేటప్పుడు ముక్కుకి మాస్క్ ఉండాలి, ఆ తెల్ల పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.
- గదిలో లైట్ ఆర్పి, ఫోన్ టార్చ్‌ని బోర్డు పక్కనుంచి అంచుకి దాదాపు ఆనించి వెయ్యండి. గీత ఎక్కడున్నా నీడ పడుతుంది. ఎదురుగా చూస్తే అద్దంలా ఉన్న బోర్డు, పక్క వెలుగులో దున్నిన పొలంలా కనపడటం మామూలే. ఆ చోట్ల మాత్రం మళ్ళీ రుద్దండి.
- మూడు రోజులు వదిలేయండి. యాక్రిలిక్ గెస్సో పైకి గంటలో ఆరినట్టు కనిపించినా లోపలి తేమ పోవడానికి టైం పడుతుంది.

400 దగ్గర ఆగండి. ఇంకా నునుపు కావాలని 800, 1000 దాకా వెళ్తే రంగు పట్టుకోవడానికి ఆధారమే ఉండదు, బ్రష్ వెనకే రంగు జారివచ్చేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. గెస్సో నూనెని పీల్చుకుంటుంది. మీరు బ్లెండ్ చేద్దామని వచ్చేసరికి రంగులోని నూనె కిందికి దిగిపోయి, పైన రంగు పొడిబారి బ్రష్‌ని పట్టేస్తుంది. అందుకని మొదట ఒక పలచటి పూత వేయాలి: కాస్త రా అంబర్ (గోధుమ రంగు) లేదా యెల్లో ఆకర్‌లో (మట్టి పసుపు) టర్పెంటైన్ కలిపి బోర్డంతా పూసి, గుడ్డతో తుడిచేసి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పీల్చే గుణం చాలావరకు తగ్గుతుంది, పైగా తెల్లటి బోర్డు కళ్ళకి కొట్టడం కూడా తగ్గి రంగుల అంచనా బాగా కుదురుతుంది.

## 2. బ్రష్‌లు: ఏది దేనికి

పంది వెంట్రుకలతో చేసే హాగ్ బ్రష్ గట్టిగా ఉంటుంది. చిక్కటి రంగుని బాగా తోస్తుంది, కానీ ప్రతి వెంట్రుకా ఒక చాలు గీస్తుంది. నునుపు పనిలో దీని అవసరం మొదటి పూత దాకే. అసలు అవసరమే లేదని చెప్పేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. రంగుని పలచగా, బలంగా బోర్డులోకి రుద్దాలంటే దీన్ని మించింది లేదు.

సింథటిక్ బ్రష్‌లు, అంటే బంగారు రంగులో మెరిసే నైలాన్ రకాలు, మీ పనిలో ముప్పాతిక భాగం చేస్తాయి. మరీ గట్టి కాదు, మరీ మెత్తన కాదు, నొక్కితే వంగి మళ్ళీ నిటారుగా లేస్తాయి. మంచి సింథటిక్ ఉంటే సేబుల్ (జంతువుల మెత్తటి వెంట్రుకలతో చేసే ఖరీదైన బ్రష్) కోసం తహతహలాడక్కర్లేదు. సేబుల్ చాలా బావుంటుంది, నిజమే, కానీ టర్పెంటైన్‌లో రోజూ నానితే త్వరగా అరిగిపోతుంది. ఆ ధరకి నాలుగు సింథటిక్‌లు వస్తాయి.

మాప్ బ్రష్ అంటే మేక లేదా ఉడుత వెంట్రుకలతో గుండ్రంగా, ఉబ్బుగా ఉండేది. దీనితో రంగు వేయరు. వేసిన రంగు మీద పొడిగా, గాలి తగిలినట్టు ఆడిస్తారు. ఇది దొరక్కపోతే మేకప్ సామాను అమ్మే దుకాణంలో బుగ్గలకి రంగు వేసుకునే మెత్తటి బ్రష్ కొనుక్కోండి. చాలామంది పెయింటర్లు అదే వాడతారు, నేనూ వాడతాను. కొత్తగా కొన్నప్పుడు ఒకసారి షాంపూతో కడిగి, ఆరాక అరచేతిలో పదిసార్లు దులపండి, ఊడే వెంట్రుకలు ముందే ఊడిపోతాయి.

ఫ్యాన్ బ్రష్ మాట కూడా చెప్పాలి. బ్లెండింగ్ అనగానే అందరూ కొనేది ఇదే, అందరూ పక్కన పడేసేదీ ఇదే. వెంట్రుకలు పలచగా విడివిడిగా ఉంటాయి కాబట్టి తడి రంగు మీద ఇది దువ్వెనలా పనిచేసి సన్నటి గీతలు వదులుతుంది. జుట్టుకి, గడ్డికి బావుంటుంది. బుగ్గకి వద్దు.

ముంగిస వెంట్రుకల బ్రష్‌లు ఎవరైనా చూపిస్తే తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని అమ్మడం, కొనడం రెండూ నేరమే.

ఆకారం విషయానికొస్తే, నునుపు పనికి ఫిల్బర్ట్ అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. చివర గుండ్రంగా ఉండటం వల్ల దాని అంచు గీత పడదు. ఫ్లాట్ బ్రష్ మూలలు ప్రతి తాకిడికీ ఒక చిన్న గట్టు వదులుతాయి. బ్యాక్‌గ్రౌండ్ లాంటి పెద్ద చోటులకి ఫ్లాట్, వంపు ఉన్న వాటికి ఫిల్బర్ట్, చిన్న చిన్న చోట్లకి రౌండ్.

దుకాణంలో ఇలా చూసి కొనండి:

- వెంట్రుకల్ని పట్టుకున్న రేకు పట్టీని వేళ్ళతో కదిపి చూడండి. కదిలితే వద్దు.
- కొత్త బ్రష్‌కి జిగురు పూసి ఉంచుతారు. అడిగి, నీళ్ళలో ముంచి ఆ జిగురు పోగొట్టి, మణికట్టుతో ఒకసారి విదిలించండి. వెంట్రుకలన్నీ ఒకచోటికి రావాలి.
- వెంట్రుకల్ని మీ చేతి వెనక వైపు మీద నొక్కి ఎత్తండి. వెంటనే లేస్తే మంచిది, వంగిపోయి అలాగే ఉంటే రంగు మోయదు.
- వెలుతురుకి ఎదురుగా పెట్టి కొసలు చూడండి. అడ్డంగా బయటికి పొడుచుకొచ్చిన ఒక్క వెంట్రుక చాలు, నీట్‌గా వేసిన రంగులో గీత గీయడానికి.

మొదటిసారి కొనేవాళ్ళకి ఇవి చాలు: హాగ్ ఫ్లాట్ 8 నంబరు ఒకటి, సింథటిక్ ఫిల్బర్ట్‌లు 4, 8 నంబర్లు రెండేసి, ఒక అంగుళం సింథటిక్ ఫ్లాట్ ఒకటి, 2 నంబరు రౌండ్ ఒకటి, మాప్‌లు రెండు. రెండేసి ఎందుకంటే ఒకటి వెలుగు రంగులకి, ఒకటి నీడలకి. దీనివల్ల మధ్యలో కడగాల్సిన బాధ తప్పుతుంది, కడిగిన తడి బ్రష్‌తో బ్లెండ్ చేసి పాడుచేసే ప్రమాదమూ తప్పుతుంది.

## 3. మీడియంలు: చుక్కల లెక్క

ఒక చెవి మందు డ్రాపర్ కడిగి పెట్టుకోండి. మీడియంని సీసాలోంచి వంపే అలవాటు ఉన్నంతకాలం నునుపు రాదు. ఉసిరికాయంత రంగుకి రెండు మూడు చుక్కలు, అంతే. మొత్తం మీద అయిదు పాళ్ళ రంగుకి ఒక పాలు మీడియం దాటకూడదు.

శుద్ధి చేసిన లిన్సీడ్ ఆయిల్. అవిసె గింజల నూనె. రంగు బాగా జారుతుంది, పూత గట్టిగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ కొంచెం పసుపు పచ్చబడుతుంది. ఆర్ట్ సామాను దుకాణంలో అమ్మేదే కొనండి. హార్డ్‌వేర్ షాపులో తలుపులకీ కిటికీలకీ పూసే మరగబెట్టిన లిన్సీడ్ ఆయిల్‌లో త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు, అది ముదురు రంగులోకి మారిపోతుంది. ఒకప్పుడు డబ్బు కలిసొస్తుందని అది వాడి, తెల్లటి మల్లెపూలు వేశాను. ఇప్పుడవి చామంతుల్లా ఉన్నాయి.

స్టాండ్ ఆయిల్. అదే లిన్సీడ్ నూనెని గాలి తగలకుండా బాగా వేడి చేసి తేనెలా చిక్కబరిచినది. నునుపు పనికి అసలైన మీడియం ఇదే. దీనికున్న గుణం ఏంటంటే, వేశాక రంగు తనంతట తాను సర్దుకుంటుంది, బ్రష్ చాళ్ళు పూడుకుపోతాయి, ఆరాక ఎనామిల్ పూతలా ఉంటుంది. మామూలు లిన్సీడ్ కంటే తక్కువ పచ్చబడుతుంది కూడా. కానీ నెమ్మదిగా ఆరుతుంది, పైగా ఒంటరిగా వాడితే జిగటగా బ్రష్‌ని లాగుతుంది. ఒక పాలు స్టాండ్ ఆయిల్‌కి రెండు పాళ్ళు టర్పెంటైన్ కలిపి చిన్న సీసాలో పెట్టుకోండి.

వాల్‌నట్, కుసుమ నూనెలు. తెలుపు, లేత నీలం లాంటి వాటికి, ఎందుకంటే ఇవి తక్కువ పచ్చబడతాయి. నెమ్మదిగా ఆరతాయి. ఆర్టిస్టుల కోసం తయారుచేసినవే వాడాలి, వంటింట్లోవి కాదు. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె అసలు ఆరవు, వాటి పేరే ఎత్తొద్దు.

ఆల్కిడ్ మీడియం. లిక్విన్ లాంటివి. పలచటి పూత ఇంచుమించు ఒక రోజులో ముట్టుకోవచ్చు. పొరలు పొరలుగా వేసేవాళ్ళకి వరం. కానీ బ్లెండ్ చేయడానికి టైం తక్కువ ఇస్తుంది. అరగంట దాటాక బ్రష్‌ని పట్టుకోవడం మొదలవుతుంది, అప్పుడు మళ్ళీ మళ్ళీ కెలికితే పూత చిరుగుతుంది. చిన్న చిన్న భాగాలుగా పని ముగించగలిగితేనే వాడండి.

టర్పెంటైన్, వాసన తక్కువుండే థిన్నర్. ఇవి మొదటి పూతకీ, నూనెని పలచబరచడానికీ. హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్ బ్రష్ కడగడానికి పర్లేదు, రంగులో కలపడానికి వద్దు. కిరోసిన్ ఎందులోనూ వద్దు. కిటికీ తీసి పనిచేయండి, మూసిన గదిలో గంట కూర్చుంటే తలనొప్పి ఖాయం.

ఆయిల్ రంగు ఆరడం అంటే నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడటం. వేడి దీన్ని తొందర చేస్తుంది, తేమ ఆలస్యం చేస్తుంది. అందుకే విజయవాడలో మే నెల ఎండకి మూడు రోజుల్లో ఆరిన పూత, జూలై ముసురులో వారం పది రోజులు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. మీ ఊరి వాతావరణాన్నిబట్టి లెక్క వేసుకోండి. రంగునిబట్టి కూడా తేడా ఉంటుంది: అంబర్‌లు త్వరగా ఆరతాయి, ఐవరీ బ్లాక్, అలిజరిన్ బాగా ఆలస్యం.

## 4. జతలు

- మొదటి పూత: హాగ్ లేదా గట్టి సింథటిక్, రంగులో టర్పెంటైన్ మాత్రమే.
- అసలు రంగు: సింథటిక్ ఫిల్బర్ట్, ఉసిరికాయంత రంగుకి రెండు చుక్కల లిన్సీడ్. రంగు వెన్నలా కాకుండా చిలికిన మీగడలా ఉండాలి.
- కలపడం: పొడి ఫిల్బర్ట్, తరవాత పొడి మాప్. మీడియం ఏమీ లేదు, ఒక్క చుక్క కూడా.
- పైన గ్లేజ్ (ఆరిన రంగు మీద అడుగు కనపడేలా వేసే పలచటి పూత): మెత్తటి సింథటిక్ లేదా సేబుల్, స్టాండ్ ఆయిల్ మిశ్రమం.

పైకి వెళ్ళేకొద్దీ నూనె పెరుగుతోంది చూశారా. ఈ వరుస తిరగబడకూడదు. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది. దాని మీద త్వరగా ఆరే పొడి పొర వేస్తే పైది ముందే బిగుసుకుపోయి, కిందది కదిలినప్పుడల్లా చిట్లుతుంది.

## 5. ఒక బంగినపల్లి పండు వేసి చూడండి

మొహంతో మొదలుపెట్టకండి, టెన్షన్ ఎక్కువ, కన్ను ఎక్కడుందో ముక్కు ఎక్కడుందో అనే గొడవలో నునుపు సంగతి మర్చిపోతారు. బంగినపల్లి పండు అయితే ఒకటే రంగు, నున్నటి తొక్క, నెమ్మదిగా తిరిగే వంపు. 8×10 అంగుళాల బోర్డు, ఎడమ పక్కనుంచి ఒకటే లైటు. ఫ్యాన్ ఆపేయండి, ఉన్ని బట్టలు, నూగు రాలే టవల్ దగ్గర పెట్టుకోకండి.

రంగులు ముందే కలుపుకోండి. పాలెట్ నైఫ్‌తో అయిదు కుప్పలు. వెలుగుకి కాడ్మియం యెల్లో, టైటానియం వైట్. అసలు రంగుకి కాడ్మియం యెల్లో, కొంచెం యెల్లో ఆకర్. మధ్యరంగుకి ఆకర్ ఎక్కువ, కాడ్మియం తక్కువ. నీడకి ఆకర్, బర్న్ట్ సియెన్నా. బాగా లోతుకి బర్న్ట్ సియెన్నా, రా అంబర్. నీడ కోసం పసుపులో నలుపు కలపకండి, పచ్చి మామిడికాయ అయిపోతుంది. ఒక్కో కుప్పకీ పక్క కుప్పకీ మధ్య తేడా సమానంగా ఉందో లేదో కళ్ళు సగం మూసి చూడండి. ఈ అయిదూ సరిగ్గా కుదిరితే బ్లెండింగ్ సగం అయిపోయినట్టే, ఎందుకంటే బ్రష్ చేత కలిపించాల్సిన దూరం తగ్గిపోతుంది. రెండే రంగులు పక్కపక్కన పెట్టి మధ్యదంతా మాప్ చూసుకుంటుందిలే అనుకునేవాళ్ళకి బురద వస్తుంది.

మొదటి పూత. రా అంబర్‌లో టర్పెంటైన్ కలిపి హాగ్ బ్రష్‌తో పండు ఆకారం, నీడ భాగం రుద్దండి. వివరాలు వద్దు. అంబర్ త్వరగా ఆరుతుంది కాబట్టి వేసవిలో మర్నాడు, మిగతా రోజుల్లో రెండు మూడు రోజులాగి దాని మీద వేయొచ్చు.

పట్టీలు వేయండి. 8 నంబరు ఫిల్బర్ట్‌తో అయిదు రంగుల్నీ పండు వంపు వెంట పక్కపక్కన పట్టీలుగా వేయండి. పూత కాగితం మందం దాటకూడదు. సరిపోయిందో లేదో తెలియాలంటే చిటికెన వేలి గోరుతో చిన్న గీత గీయండి. గీతకి రెండు వైపులా గట్టు లేస్తే రంగు ఎక్కువైనట్టు. పాత న్యూస్‌పేపర్ ముక్క మెల్లగా అద్ది ఎత్తితే ఎక్కువైంది వచ్చేస్తుంది.

అతుకులు కలపండి. పొడిగా ఉన్న ఇంకో ఫిల్బర్ట్ తీసుకుని, రెండు పట్టీలు కలిసేచోట గోరు వెడల్పు మేర అటూ ఇటూ చిన్నగా మెలికలు తిప్పుతూ వెళ్ళండి. రెండు మూడు కదలికలకి ఒకసారి బ్రష్‌ని గుడ్డతో తుడవాలి. ఇక్కడే అందరూ బద్ధకిస్తారు. తుడవని బ్రష్ నీడని వెలుగులోకి మోసుకెళ్తుంది, పండు మీద దుమ్ము పట్టినట్టవుతుంది. వెలుగు వైపు నుంచి మొదలుపెట్టి నీడ వైపు రండి.

ఆగండి. ఇరవై నిమిషాలో అరగంటో. టీ తాగండి. తాజా తడి రంగు మీద మాప్ ఆడిస్తే వెంట్రుకలు రంగులో మునిగి కొత్త గీతలు పడతాయి. చిటికెన వేలితో ఒక మూల తాకితే కొంచెం అంటుకుని లాగినట్టు ఉండాలి, వేలికి రంగు ముద్దగా రాకూడదు. ఎండాకాలంలో ఈ ఆగే టైం బాగా తగ్గుతుంది. ఆల్కిడ్ కలిపితే అసలు ఆగొద్దు.

మాప్. పిడి చివర పట్టుకోండి, పెన్సిల్ పట్టుకున్నట్టు దగ్గరగా కాదు. వెంట్రుకల కొసలు మాత్రమే తగలాలి, వెంట్రుకలు వంగాయంటే మీరు నొక్కుతున్నట్టు. చిన్న చిన్న ఇంటూ గుర్తుల్లా ఇటొకటి అటొకటి, వెలుగులోంచి నీడలోకి. నాలుగు కదలికలకి ఒకసారి పొడి గుడ్డ మీద తిప్పుతూ తుడవండి. ఇంటూ గుర్తులయ్యాక, చివరగా పండు వంపు వెంట పొడుగ్గా రెండు మూడు సార్లు ఆడించి వదిలేయండి.

టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. ఒకటి రెండు చోట్ల గీతలుంటే అక్కడ మాత్రమే మళ్ళీ ఆడించండి. మొత్తం మళ్ళీ మొదలుపెట్టారా, అయిదు రంగులూ కలిసి ఒకటే అయిపోతాయి.

మెరుపు. ఇది ఆఖరున. బంగినపల్లి తొక్క మీద సన్నటి బూడిదలాంటి పొర ఉంటుంది కాబట్టి మెరుపు గాజు మీదలా గుచ్చినట్టు ఉండదు. తెలుపులో చిటికెడు పసుపు రంగు కలిపి రౌండ్ బ్రష్‌తో ఒక చుక్క పెట్టి, ఒక్క వైపు మాత్రం మాప్ కొసతో చెదరగొట్టండి. రెండో వైపు అలాగే ఉండనివ్వండి. తొడిమ దగ్గర గుంట అంచు, పండు బల్లని తాకే చోటు కూడా కలపకుండా గట్టిగా వదిలేయండి. అన్ని అంచులూ మెత్తబడితే పండు సబ్బుతో చేసినట్టు ఉంటుంది. పక్కన రెండు గట్టి అంచులు ఉన్నప్పుడే మెత్తదనం తెలుస్తుంది.

## 6. గ్లేజ్

వారం పది రోజులకి పూత ముట్టుకుంటే అంటకుండా ఆరుతుంది. అప్పుడు నీడలకి లోతు పెంచొచ్చు. స్టాండ్ ఆయిల్ మిశ్రమంలో బర్న్ట్ సియెన్నా చాలా కొంచెం కలిపి, మెత్తటి బ్రష్‌తో నీడ మీద పూసి, వెంటనే మాప్‌తో అద్దుతూ పలచబరచండి. చేతికి రాసుకున్న కొబ్బరి నూనెని తుడిచేశాక మిగిలే మెరుపుంటుందే, అంత పలచగా. గ్లేజ్‌కి అడుగు కనిపించే రంగులే పనికొస్తాయి: బర్న్ట్ సియెన్నా, అలిజరిన్, అల్ట్రామెరీన్, శాప్ గ్రీన్. కాడ్మియంలు అడుగుని కప్పేస్తాయి.

ఒక మందపాటి గ్లేజ్ కంటే మూడు పలచటివి మేలు. నా మొదటి పోర్ట్రెయిట్ మా అమ్మమ్మది. చర్మం మెరవాలని బుగ్గ మీద లిన్సీడ్ ధారాళంగా పోశాను. పైపొర ముందు ఆరి, లోపల తడిగా ఉండి, నెల తిరిగేసరికి రంగు ముడతలు పడింది. ఆవిడకి లేని ముడతలు కూడా నేనే ఇచ్చాను.

వార్నిష్ తొందర వద్దు. డమార్ వార్నిష్‌కి (చెట్టు బంకతో చేసేది) కనీసం ఆరు నెలలు, మందంగా ఉంటే ఏడాది.

## 7. వచ్చే చిక్కులు, చేయాల్సినవి

ఆరిన పూతలో గీతలు మిగిలిపోయాయి. కనీసం కొన్ని వారాలాగి, 600 నంబరు వాటర్ పేపర్‌ని తడిపి చాలా తేలిగ్గా రుద్ది, తుడిచి, మళ్ళీ వేయండి. పొడిగా రుద్దకండి, కాడ్మియం పొడి పీల్చడం ప్రమాదం.

కొత్త పొర నీటి బొట్లలా విడిపోతోంది. కింద పొర బాగా నిగనిగలాడుతూ ఉంటే రంగు పట్టదు. కోసిన ఉల్లిపాయ లేదా బంగాళదుంప ముక్కతో ఆ చోటు రుద్ది, ఆరాక వేయండి. నవ్వొచ్చినా పనిచేస్తుంది.

అక్కడక్కడా వెలిసినట్టు మచ్చలు. కింద పొర నూనె పీల్చేసింది. బాగా ఆరాక స్టాండ్ ఆయిల్ మిశ్రమం ఒక్క చుక్క వేలితో రుద్ది, మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. రంగు మళ్ళీ పైకి తేలుతుంది.

రంగు బురదగా అయింది. మాప్ మురికిగా ఉండి ఉంటుంది, లేదా మీరు ఆగలేదు. ఆ భాగం గుడ్డతో తీసేసి మళ్ళీ వేయడం అన్నిటికంటే త్వరగా తేలే దారి. తడి మీద తుడిచేయడానికి సిగ్గుపడకండి.

వెంట్రుక అంటుకుంది. తడిగా ఉంటే సూది కొసతో ఎత్తి, ఆ చోట మాప్ ఒకసారి ఆడించండి. వేలితో లాగితే గుంట పడుతుంది.

దోమ అంటుకుంది. సాయంత్రం లైటు కింద పనిచేస్తే ఇది తప్పదు. తడిలో తీయబోతే రెక్కలు, కాళ్ళు వేరువేరుగా పరుచుకుంటాయి. వదిలేయండి, ఆరాక గోరుతో గీకితే చప్పున రాలిపోతుంది. రాత్రి ఆరబెట్టేటప్పుడు బోర్డుని పడుకోబెట్టకుండా, రంగు వైపు గోడకి తిప్పి వాలుగా నిలబెట్టండి. దుమ్మూ తక్కువ పడుతుంది.

## 8. పని అయ్యాక

బ్రష్‌ని ముందు గుడ్డతో పిండి, టర్పెంటైన్‌లో ఆడించి, ఒంటి సబ్బు అరచేతిలో రాసి అందులో నురగ తెల్లగా వచ్చేదాకా తిప్పండి. రేకు పట్టీ దగ్గర మిగిలిన రంగే వెంట్రుకల్ని విడగొట్టేది, అక్కడ గోటితో నొక్కి కడగండి. వేళ్ళతో కొస సరిచేసి, అడ్డంగా పడుకోబెట్టి ఆరబెట్టండి. వెంట్రుకలు కిందికుండేలా సీసాలో నిలబెట్టి మర్చిపోతే ఆ బ్రష్ ఇక గోడలకి సున్నం వేయడానికే. మాప్‌కి సబ్బు నీళ్ళు చాలు, కానీ పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాస్త తడిగా ఉన్నా వాడొద్దు.

లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే నిప్పు అంటుకోవచ్చు, ఎండాకాలంలో మరీను. నీళ్ళలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి, లేదా బయట తీగ మీద విడివిడిగా పరిచి, గట్టిపడ్డాక పారేయండి.